‘వేదం’ చిత్రమున చౌర్యఘట్టము: సిరిసిల్ల కథాభాగ విమర్శ

ప్రస్తావన

దొంగతనము ఇతివృత్తముగా గల కథలు రెండు తెగలు. దొంగ కృతకృత్యుడగుట మొదటి తెగ. తలపెట్టిన పని తలక్రిందులగుట రెండవ తెగ. మొదటి దానియందు ప్రేక్షకుడు దొంగ నేర్పును మెచ్చి తృప్తి పడును. రెండవ దానియందు, ఇంత నేర్పు ఉండియు ఈ పని ఏల చెడినదను ప్రశ్న మనస్సున మిగులును. ఈ ప్రశ్నకు కర్త ఇచ్చు సమాధానమును బట్టి ఆ కథ విలువ నిర్ణయింపవలెనని మా అభిప్రాయము. రక్షకభటులు వచ్చిరనుట యొక సమాధానము. తోడిదొంగ ద్రోహము చేసెననుట మరియొకటి. విధి వికటించెననుట మూడవది. దొంగిలించిన సొమ్ము ఎవరిదో తెలిసినంతనే దొంగ చేయి వెనుకకు వచ్చెననుట నాలుగవది. ఈ నాలుగవ సమాధానము మిక్కిలి అరుదు. కథలో నమ్మించుట మిక్కిలి కష్టము.

2010లో విడుదలైన ‘వేదం’ అను తెలుగు చిత్రము ఈ కష్టమైన మార్గమును త్రొక్కినది. దర్శకుడు జాగర్లమూడి రాధాకృష్ణ, అనగా క్రిష్. ఇది ‘గమ్యం’ (2008) తరువాత ఆయన తెలుగున చేసిన రెండవ చిత్రము. సంగీతము ఎం. ఎం. కీరవాణి గారిది. ఫిలింఫేర్ దక్షిణాది పురస్కారములలో ఆ సంవత్సరపు ఉత్తమ తెలుగు చిత్రముగా ఇది ఎన్నికైనది. చిత్రమును గూర్చి వ్రాసినవారు పెక్కుమంది అయిదు కథలు ఒకచోట కలియు కూర్పును గూర్చియే ప్రశంసించిరి. మేము ఆ కూర్పును విడిచి, అందలి ఒక్క దొంగతనమును మాత్రము పరిశీలింప దలచితిమి. సిరిసిల్లనుండి వచ్చిన ముదుసలి నేతకాని సొమ్మును హైదరాబాదు యువకుడొకడు కాజేసి మరల తెచ్చి ఇచ్చుట ఆ ఘట్టము.

ఇది నేరకథ కాదు, బహుకథల సమాహారమని కొందరు ఆక్షేపింపవచ్చును. ఆ ఆక్షేపణమునకు మా సమాధానమిది. చిత్రమందలి పాత్రలు ప్రధానముగా యాదృచ్ఛికముగనే ఒకే ఆసుపత్రికి చేరుదురు. బెంగుళూరు గాయకుడు వివేక్ చక్రవర్తి, అమలాపురము వేశ్య సరోజ, పాతబస్తీ రహీముద్దీన్ ఖురేషీ అచట చేరుట కాకతాళీయము. కాని రాజు రాములును దోచుకొనుట కాకతాళీయము గాదు. ఒక పేదవాడు మరియొక పేదవానిని ఎదుట చూచి, ఎన్నుకొని, చేసిన పని యది. కావున చిత్రమునకు నైతికమైన కీలు ఈ నేరముననే కలదని భావించుచున్నాము.

చౌర్యకథకు పూర్వరూపములు

పాశ్చాత్య చిత్రములలో ఈ తెగ 1950 ప్రాంతమున బలపడినది. జాన్ హ్యూస్టన్ ‘ది ఆస్ఫాల్ట్ జంగిల్’ (1950), జూల్స్ దస్సాఁ ‘రిఫిఫి’ (1955), స్టాన్లీ క్యూబ్రిక్ ‘ది కిల్లింగ్’ (1956) అను మూడును ఇందుకు మేలుబంతులు. ‘రిఫిఫి’ యందు నగల దుకాణమును దోచు ఘట్టము దాదాపు అరగంటసేపు మాటయు సంగీతమును లేకుండ నడచును. ‘ది కిల్లింగ్’ చివర విమానాశ్రయమున పెట్టె తెరచుకొని నోట్లన్నియు గాలికి చెదరిపోవును. వీనియందు పథకము గొప్పది. చెడుటకు కారణము పథకమునకు వెలుపల నున్నది. దోచబడినవారెవరను ప్రశ్న ఇందు ముఖ్యము గాదు. పందెపు మైదానపు సొమ్మైనను, దుకాణపు రత్నములైనను ముఖము లేని సంపద మాత్రమే. తెలుగున రాంగోపాల్ వర్మ ‘క్షణ క్షణం’ (1991) ఈ మార్గమునే అనుసరించినది. బ్యాంకునుండి దోచిన సొమ్ము ఎచట నున్నదను వెదుకులాటయే అందు కథ. ఆ సొమ్ము ఎవరిదను ప్రశ్న అందు పుట్టదు.

ఇటలీ చిత్రము ‘బైసికిల్ థీవ్స్’ (1948) వేరు దారి. విట్టోరియో డిసికా ఇందు దోచబడినవానినే దొంగగా మార్చెను. గోడపత్రికలు అంటించు కొలువునకు ఆధారమైన సైకిలును పోగొట్టుకొన్న ఆంటోనియో, దిక్కులేక మరియొకరి సైకిలు తీసికొని పట్టుబడును. కొడుకు ఎదుటనే అవమానము పొందును. సైకిలు యజమాని అతనిని విడిచిపెట్టును. దొంగకును దోచబడినవానికిని నడుమ నున్న గోడను ఈ చిత్రము తొలగించినది. ‘వేదం’ చిత్రమునకు ఇది దగ్గరి బంధువు.

అంతకన్న దగ్గరి బంధువు మన ప్రాచీన నాటకముననే కలదు. శూద్రకుని ‘మృచ్ఛకటికము’ మూడవ అంకమున శర్విలకుడు చారుదత్తుని ఇంటికి కన్నము వేయును. తాను వలచిన మదనికను దాస్యమునుండి విడిపించుటకు ధనము కావలెను. లోపల ప్రవేశించి, అది పేదవాని ఇల్లని గ్రహించి, వెడలిపోవుటకు సిద్ధపడును. అప్పుడు నిద్రలో పలవరించు మైత్రేయుడే నగలపెట్టెను అతని చేతికి ఇచ్చును. నాల్గవ అంకమున ఆ నగలు మదనిక యజమానురాలైన వసంతసేనవేనని తెలియును. మదనిక ఉపాయము చెప్పును. నగలు వసంతసేనకు చేరును. ఆమె ఉదారబుద్ధితో మదనికను విడుదల చేయును. నగలు పోయినవని తెలిసి చారుదత్తుని భార్య ధూత తన రత్నావళిని ఇచ్చి భర్త మాట నిలుపును.

ఇందు గమనింపదగిన విషయములు రెండు. మొదటిది, శర్విలకునకు పేదరికపు గుర్తింపు దొంగతనమునకు ముందే కలిగినది. విధి దానిని త్రోసిపుచ్చినది. రెండవది, సొమ్ము తిరిగి చేరినపుడు అందరి కష్టమును తీర్చగల వసంతసేన యను సంపన్నురాలు కథలో నున్నది. కేతన తెనిగించిన ‘దశకుమారచరిత్రము’నందలి అపహారవర్మ చంపానగరపు లోభులను దోచుట కూడ ఇట్టి సౌకర్యము గలదియే. అచట దోచబడువాడు ధనికుడు గావున పాఠకుని మనస్సునకు నొప్పి కలుగదు. ‘వేదం’ ఈ రెండు సౌకర్యములను వదలుకొన్నది. రాజు దోచినది పేదవానిని. ఆ సొమ్ము తిరిగి ఇచ్చినను కష్టమును తీర్చగల సంపన్నురాలు కథలో లేదు.

మూడు దోపిడులు

కథాంశమును సంగ్రహముగా చెప్పుదుము. కేబుల్ రాజు (అల్లు అర్జున్) హైదరాబాదు బస్తీవాసి. తాను ధనికుడనని నమ్మించి సంపన్నుల బిడ్డయైన పూజను ప్రేమించును. నూతన సంవత్సరపు వేడుకకు ప్రవేశపత్రములు తెచ్చెదనని మాట ఇచ్చి, వాని ఖరీదునకై తడబడును. మెడలోని గొలుసు లాగుకొనబోయిన యత్నము విఫలమగును. మరియొకవైపు సిరిసిల్ల నేతకాడు రాములు (నాగయ్య) అప్పు తీర్చలేక, మనుమడు వడ్డీవ్యాపారి చేతిలో చిక్కుకొనగా, కోడలు పద్మతో (శరణ్య) నగరమునకు వచ్చును. పద్మ తన మూత్రపిండమును అమ్మును. ఆ సొమ్మును రాజు కాజేయును. పిమ్మట మనస్సాక్షి నిలువనీయక తిరిగి తెచ్చి ఇచ్చును.

ఆ సొమ్ము పుట్టుకను విచారింతము. మనుమని పనికి పట్టుకొనుట మొదటి దోపిడి. వెట్టిచాకిరి వ్యవస్థను 1976 నాటి కేంద్రచట్టము నిషేధించినది. అప్పునకు ఈడుగా మనిషిని పనిలో నిలుపుట నేరము. పేదరాలి అంగమును వెలకట్టి కొనుట రెండవ దోపిడి. 1994 నాటి మానవావయవ మార్పిడి చట్టము అవయవముల క్రయవిక్రయములను నేరముగా ప్రకటించినది. రాజు చేయి చాచునాటికి ఆ సొమ్ముపై రెండు నేరములు జరిగియే యున్నవి. అతనిది మూడవది.

ఈ లెక్క స్పష్టమైనచో ఘట్టము యొక్క బలము మనకు బోధపడును. సామాన్య నేరచిత్రమున దోచబడినవాడు రక్షకభటులను ఆశ్రయించును. రాములునకు ఆ దారి సుగమము గాదు. ఆ సొమ్ము ఎట్లు వచ్చినదని అడిగినచో అతడు చెప్పదగిన సమాధానమే అతనికి శత్రువు. చట్టము రక్షింపవలసినవారు చట్టమునకు దూరముగా తొలగవలసి వచ్చిన స్థితి యిది. దుకాణపు నగకు భీమా యుండును, బ్యాంకు సొమ్మునకు పూచీ యుండును. దేహమునుండి తీసిన ఖండమునకు వచ్చిన సొమ్మునకు ఏ పూచీయు లేదు. రెండవమారు అమ్ముటకు ఆ అంగమును లేదు.

మూడు దోపిడులలో మిక్కిలి చిన్నవాడు చేసినది మాత్రమే సరిదిద్దబడినది. ఇదియే ఈ చిత్రముపై మా ప్రధాన వాదము. వడ్డీవ్యాపారి మనస్సాక్షియు అంగమును కొన్నవారి మనస్సాక్షియు కథను మలుపు త్రిప్పలేదు. చలించినది బస్తీ యువకుని మనస్సు ఒక్కటే. చిత్రకర్త ఎరిగి చేసినను ఎరుగక చేసినను, ఈ ఏర్పాటు మన సమాజమున న్యాయమునకు గల హద్దును చూపుచున్నది. పేదవాని తప్పునకు పశ్చాత్తాపము కలదు. పెద్ద తప్పులకు వ్యవహారమను పేరు కలదు.

సొమ్ము మరలుట

రాజు మారిన తీరు హఠాత్తుగా నున్నదనియు, ఇది కేవలము కన్నీటి నాటకమనియు ఒక ఆక్షేపణము రావచ్చును. దీనిని త్రోసివేయుట న్యాయము గాదు, పరీక్షింపవలెను.

రాజు దొంగతనమునకు ప్రేరణ ఆకలి గాదు. ఆంటోనియోకు కొలువు పోవును. శర్విలకునకు ప్రియురాలి దాస్యము తీరదు. రాజునకు పోవునది ఒక వేడుకలో ప్రవేశము మాత్రమే. అయినను అతనికి అది ప్రాణసమానముగా తోచుటకు కారణము లజ్జ. తన బస్తీని దాచి కట్టిన వేషము ఒక్క రాత్రిలో ఊడిపోవునను భయము. ఇది నీచమైన కారణమని మనము అనవచ్చును. కాని నగరమున పేదవాడు అనుదినము మోయు భారములలో ఆకలి తరువాతిది ఈ లజ్జయే. అల్లు అర్జున్ నటన యిచట ప్రశంసనీయము. చిత్రపు నాయకునకు తగిన ధైర్యమును అతడు ఈ ఘట్టమున ప్రదర్శింపడు. భయము, తొందర, తనను తాను చూచుకొనలేని దైన్యము కనబరచును.

ఎదుట నున్నవాడు ఎవడు? అతడును పేదవాడే, కాని దాచుటకు అతనికి వేషము లేదు. నాగయ్య వృత్తినటుడు గాకపోవుట ఇందుకు మేలు చేసినది. ముడుతలు, నడక, మాటలోని తడబాటు నేర్చినవిగా తోచవు. ఈ పాత్రతోనే ఆయన ‘వేదం’ నాగయ్యగా ప్రసిద్ధి పొంది 2021లో మరణించెను. శరణ్య పద్మ పాత్రలో మాటలకన్న మౌనమునకు ఎక్కువ పని ఇచ్చినది. కోడలు మామకు ధైర్యము చెప్పుట, తన దేహపు నష్టమును గూర్చి తాను మాటాడకుండుట, ఇవి రాజునకే గాక ప్రేక్షకునకును సిగ్గు కలిగించును.

కావున ఇచట జరిగినది కేవలము జాలి గాదు, గుర్తింపు. తాను దాచుచున్న పేదరికమే తన యెదుట దాపరికము లేకుండ నిలిచినట్లు రాజు చూచును. శర్విలకుడు ఇంటిగోడలను చూచి పేదరికమును గుర్తించెను. రాజు మనుష్యులను చూచి గుర్తించెను. శర్విలకుని గుర్తింపు దొంగతనమునకు ముందు కలిగి వ్యర్థమైనది; రాజు గుర్తింపు దొంగతనమునకు తరువాత కలిగి ఫలించినది. సొమ్ము తిరిగి ఇచ్చుటతో ప్రవేశపత్రమునకును ధనికవేషమునకును గల ఆధారము ఒక్కమారే తొలగిపోవును. ఇట్లు త్యాగమునకు ఖరీదు ఉండుటచే ఈ మార్పు నమ్మదగినదైనది. ఖరీదు లేని పశ్చాత్తాపము మాత్రమే కన్నీటి నాటకము.

అయినను ఒక సత్యమును మరువరాదు. సొమ్ము మరలెను, అంగము మరలలేదు. రాజు తిరిగి ఇచ్చినది వారిని పూర్వపు దుఃఖమునకు చేర్చినదే గాని సుఖమునకు చేర్చలేదు. మృచ్ఛకటికమున నగలు వసంతసేనకు చేరుట కల్యాణమునకు దారి తీసినది. ఇచట సొమ్ము చేరుట వడ్డీవ్యాపారి పెట్టెకు దారి తీయును. దొంగ ఇచ్చిన సొమ్ము చివరకు మొదటి దొంగ చేతికే పోవును. ఈ చేదును కప్పిపుచ్చకుండిన యంతవరకు చిత్రము గొప్పది.

సిరిసిల్ల: పేరును ఊరును

చిత్రకర్త నేతకానికి స్వస్థలముగా సిరిసిల్లను ఎన్నుకొనుట యాదృచ్ఛికము గాదు. మానేరు ఒడ్డున నున్న ఈ పట్టణము 2010 నాటికి కరీంనగర్ జిల్లాలోనిది. 2016 అక్టోబరు 11న రాజన్న సిరిసిల్ల జిల్లాకు కేంద్రమైనది. 1990 దశాబ్ది చివరినుండి ఇచటి నేతపనివారి ఆత్మహత్యల వార్తలు పత్రికలలో పదే పదే వచ్చినవి. నాటి తెలుగు ప్రేక్షకునకు సిరిసిల్ల యను పేరు వినినంతనే ఆ దుఃఖము స్ఫురించును. దర్శకుడు ఆ స్ఫురణను ఆధారముగా చేసికొనెను. ఒక్క ఊరిపేరు పది సంభాషణల పని చేసినది.

కాని స్ఫురణ వేరు, చిత్రణ వేరు. సిరిసిల్ల ప్రధానముగా మరమగ్గముల పట్టణము. స్థానికులు వానిని సాంచాలందురు. అచటి వ్యవస్థలో మూడు మెట్లు కలవు. నూలు తెచ్చి ఇచ్చి గుడ్డను అమ్ముకొను యజమాని మొదటివాడు. కొన్ని సాంచాలు పెట్టుకొని, ఇతరుల నూలును కూలికి నేయించు ఆసామి రెండవవాడు. నేసిన గుడ్డ కొలతను బట్టి కూలి తీసికొని ఒకేసారి పెక్కు సాంచాలను కనిపెట్టి నడపు కార్మికుడు మూడవవాడు. నూలు ధర పెరిగినను, గుడ్డకు గిరాకి తగ్గినను, విద్యుత్తు ఆగినను, దెబ్బ పైమెట్టునుండి క్రిందిమెట్టునకు జారును. కూలి నిలిచిన దినమున అప్పు పుట్టును. భివండీ, షోలాపూరు, సూరతులకు వలసపోవుటయు, పోయినవారు మరలి వచ్చుటయు ఇచటి కుటుంబముల చరిత్రలో భాగములు. 2017 నుండి కొన్ని యేండ్లపాటు ప్రభుత్వము బతుకమ్మ చీరలను ఇచట నేయించుట సాంచాలకు పని కల్పించినది. ఒక్క కొనుగోలుదారు ఆజ్ఞ మీద పట్టణమంతయు ఆధారపడుట ఎట్టిదో కూడ ఆ అనుభవము తెలిపినది.

చిత్రమున సిరిసిల్ల భాగము అప్పు, వడ్డీవ్యాపారి, బాలుడు అను మూటిని కేంద్రముగా చేసికొని నడచినది. అప్పు ఎట్లు పుట్టినదను ప్రశ్న కథకు కారణముగా రూపొందలేదు. క్రూరుడైన ఒక్క వ్యాపారిని చూపినచో ప్రేక్షకునకు కోపగించుటకు ఒక ముఖము దొరకును. నూలు ధరకు ముఖము లేదు. తెలుగు చిత్రములకు వడ్డీవ్యాపారి పాతకాపు; ఊరు ఏదైనను అతడు అట్లే యుండును. అతనిని సిరిసిల్లలో నిలుపుటవలన సిరిసిల్ల ఒక సామాన్య గ్రామమైనది. రాములు నేతకాడు కాక కౌలురైతైనను ఈ కథ ఇట్లే నడచును. ఇది చిత్రమునందలి ముఖ్యలోపమని చెప్పక తప్పదు. దొంగ మనస్సును అంత సూక్ష్మముగా చూచిన దృష్టి అప్పు చరిత్రను చూచుటకు కొంచెమైనను తిరిగియున్నచో, మొదటి దోపిడి కూడ మూడవ దోపిడి వలె మనకు ప్రత్యక్షమై యుండెడిది.

రెండుగంటల పైచిలుకు కాలమున అయిదు కథలు చెప్పువాడు ఇంతకన్న ఏమి చేయగలడని సమాధానము రావచ్చును. పరిమితిని మేము అంగీకరింతుము. కాని డిసికా తన చిత్రమున ఒక్క తాకట్టు దుకాణపు దృశ్యముతో రోమునగరపు పేదరికమును చూపెను: దుప్పట్లు తాకట్టు పెట్టిన తరువాత, వాని మూటలు అటకలపై కొండవలె పేర్చబడియుండును. ఎన్ని ఇండ్లవారు అట్లు చేసిరో చెప్పుటకు ఆ ఒక్క చూపు చాలినది. అట్టి చూపు ఒకటి సిరిసిల్లకు దక్కవలసినది.

ముగింపు ఘట్టము

చిత్రాంతమున ఉగ్రవాదులు ఆసుపత్రిపై దాడి చేయుదురు. రాజును వివేకును ఇతరులను కాపాడు యత్నమున ప్రాణములు కోలుపోవుదురు. ఈ ముగింపు ప్రేక్షకుని కదలించునదే. కాని దొంగతనపు కథకు ఇది న్యాయము చేసినదా యను విషయమున మాకు సందేహము గలదు.

రాజు సొమ్ము తిరిగి ఇచ్చిన క్షణముననే అతని కథ నైతికముగా పూర్తియైనది. తరువాత అతడు బస్తీకి మరలి, వేషము లేకుండ బ్రతుకవలెను. అది వీరమరణముకన్న కష్టమైన పని. చిత్రము అతనిని ఆ కష్టమునుండి తప్పించి వీరునిగా చేసినది. దొంగకు చావే తగిన ప్రాయశ్చిత్తమను పాత నియమము తెలియకయే ఇచట పనిచేసినట్లు తోచుచున్నది. ఆంటోనియో కొడుకు చేయి పట్టుకొని జనములో కలిసిపోవుటతో డిసికా ముగించెను; ఆ నడకలోని భారము రాజునకు కూడ దక్కవలసినది.

అంతకన్న ముఖ్యమైనది మరియొకటి. తుపాకి పట్టినవాడు ప్రవేశించినంతనే ప్రేక్షకుని కోపమంతయు అతనివైపు పోవును. అప్పు, వెట్టి, అంగవిక్రయము అను నేరములు ఆ కాల్పుల చప్పుడులో వినబడవు. తుపాకికి ఎదురు నిలుచుటకు వీరుడు చాలును. అప్పునకు ఎదురు నిలుచుటకు వీరుడు చాలడు. చిత్రము తనకు తెలిసిన సమాధానము గల ప్రశ్నను చివర నిలిపి, సమాధానము లేని ప్రశ్నను నడుమ విడిచినది.

ఉపసంహారము

‘వేదం’ చౌర్యఘట్టము తెలుగు చిత్రకథలో అరుదైన సిద్ధి. దొంగతనము చెడుటకు కారణమును వెలుపలి విధియందు గాక గుర్తింపునందు నిలిపినది. శూద్రకుడు ఆరంభించి విధికి వదలిన భావమును ముందుకు నడిపినది. ఆ గుర్తింపునకు ఖరీదు కట్టుటచే దానిని నమ్మదగినదిగా చేసినది. లోపములు రెండు: సిరిసిల్లను పేరుగా గ్రహించి ఊరుగా గ్రహింపకుండుట, చిన్న దొంగ పశ్చాత్తాపమును వీరమరణముతో ముగించి పెద్ద దోపిడులను విచారణకు తేకుండుట.

మన శాఖలలో చలనచిత్రమును పరిశీలించు పరిశోధక విద్యార్థులు కథాసంవిధానమును, సంభాషణను, గీతములను చక్కగా విమర్శించుచున్నారు. దానితోపాటు కథలో వచ్చు సొమ్ము ఎచటనుండి పుట్టి ఎచటికి పోవుచున్నదో గుర్తించుట కూడ విమర్శలో భాగము కావలెనని మా సూచన. ‘వేదం’ చిత్రమున ఆ సొమ్ము పద్మ దేహమున పుట్టి, రాజు చేతిలో కొంతసేపు నిలిచి, వడ్డీవ్యాపారివైపు నడచినది. ఈ దారిలో దానిని ఆపి వెనుకకు త్రిప్పినవాడు దొంగ యొక్కడే.